తండ్రి కట్టి పంపే మూట



ఈ నెల మేము వ్రాయబోవు విషయము కొందరికి ఇబ్బందిగా తోచవచ్చును. కుటుంబమంతా కూర్చుండి చదువుకొనే పత్రికలో వీర్యకణము గూర్చి ఏల వ్రాసితిరని పెద్దలు మమ్మును అడుగవచ్చును. అయితే బిడ్డల నిమిత్తము కన్నీరు కార్చే ఇండ్లు మన గ్రామములలో అనేకము ఉన్నవి. ఆ కన్నీటిలో కొంత మన తెలియనితనము వలన కలుగుచున్నది. ఆ తెలియనితనములో మాకును పాలున్నది గనుక ఈ మాటలు వ్రాయుచున్నాము.

కొన్ని సంవత్సరముల క్రిందట మేము పనిచేసిన గ్రామములో ఒక సహోదరి ఉండెడిది. పెండ్లయి ఆరేండ్లు గడిచినను ఆమెకు సంతానము కలుగలేదు. ప్రతి ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత ఆమె ముందుకు వచ్చి నిలబడెడిది. మేమును, మా యింటామెయు ఆమె తలపై చేతులుంచి ప్రార్థించెడివారము. ఆమె భర్త వెనుక వరుసలో స్తంభమునకు చేరబడి కూర్చుండెడివాడు. అతనిని ముందుకు పిలువవలెనని ఆరేండ్లలో ఒక్కసారియు మాకు తోచలేదు. ఆమెకు రక్తపరీక్షలు, స్కానింగులు, ఒక చిన్న ఆపరేషను కూడ జరిగినవి. అత్తగారు కుమారునికి రెండవ సంబంధము చూచుటకు మొదలుపెట్టినది. అప్పుడు పట్టణములో ఒక డాక్టరమ్మ, "మీ ఆయన పరీక్ష కాగితము ఏదమ్మా?" అని అడిగినదట. అట్టి కాగితము లేనేలేదు. ఎవరును దానిని అడిగియుండలేదు.

ఆ సంగతి తెలిసిన దినము మొదలుకొని మేము ఈ విషయమును చదువుట ఆరంభించితిమి. చదివినకొలది తండ్రి భాగము ఎంత శ్రద్ధతో, ఎంత ఓపికతో సిద్ధపరచబడుచున్నదో, అది ఎక్కడెక్కడ చెడిపోవచ్చునో తెలిసి ఆశ్చర్యపడితిమి. దానినే నేడు మీతో పంచుకొనుచున్నాము.

మామిడికాయలో ఇరువది కిలోమీటర్ల దారము

మన శరీరములోని కణములలో డి.ఎన్.ఏ. అను సన్నని దారమున్నది. కంటి రంగు, ఎత్తు, రక్తపు గ్రూపు మొదలగు వాటికి సంబంధించిన వివరములన్నియు దానిలో వ్రాయబడియున్నవి. ఒక్కొక్క కణములోని దారమంతయు చాచినయెడల దాదాపు 2 మీటర్లు వచ్చును. వీర్యకణము దానిలో సగము, అనగా సుమారు 1 మీటరు దారమును మోసికొని పోవును. మిగిలిన సగము తల్లి అండములో ఉండును.

ఇప్పుడు ఆ మీటరు దారమును పెట్టవలసిన చోటు చూడండి. మనిషి వీర్యకణపు తల పొడవు మిల్లీమీటరులో రెండు వందల వంతు మాత్రమే. ఇది మనకు అందని లెక్క గనుక మరియొక విధముగా చెప్పెదము. ఆ తలను పది సెంటీమీటర్ల మామిడికాయ అంత పెద్దది చేసినామనుకొనండి. అప్పుడు దానిలో ఇమడవలసిన దారము పొడవు 20 కిలోమీటర్లు. మందము మన తలవెంట్రుకకంటె తక్కువ. ఒక ఊరినుండి బయలుదేరి రెండు మూడు ఊళ్లు దాటిపోయేంత దారము ఒక మామిడికాయలో పట్టవలెను. అది తెగరాదు, చిక్కుపడరాదు, గమ్యము చేరిన తరువాత తిరిగి విప్పుకొనుటకు వీలుగా ఉండవలెను.

అగ్గిపెట్టెలో పట్టే చీర నేసిన మన నేతగాండ్రను చూచి లోకము మెచ్చుకొనినది. ఇక్కడ జరిగే పని దానికంటె సూక్ష్మమైనది. పైగా ఆరోగ్యవంతుడైన ఒక పురుషునిలో ఇది దినమునకు కోట్లకొలది సార్లు జరుగుచుండును.

కండెలు తీసి మూట కట్టుట

నేతపని తెలిసిన ఇండ్లలో నూలును కండెలకు చుట్టుట మీరు చూచియుందురు. దారము ఊరకే పోగుపెట్టినయెడల చిక్కుపడును. కండెకు చుట్టినయెడల అవసరమైనప్పుడు లాగుకొనవచ్చును. మన కణములలోను ఇట్టి కండెలున్నవి. వాటిని హిస్టోనులు అందురు. ఇవి ఒక జాతి ప్రోటీనులు, అనగా మాంసకృత్తులు. ఎనిమిది హిస్టోనులు కలిసి ఒక కండెగా ఏర్పడును. దాని చుట్టు దారము ఇంచుమించు రెండు చుట్లు తిరుగును. చర్మములోను, కాలేయములోను, మెదడులోను ఇదే ఏర్పాటు. కణము దినదినము తన దారములోని మాటలు చదువుకొని పని చేయవలెను గనుక కండెలకు చుట్టిన దారము అట్టి పనికి అనుకూలము.

అయితే వీర్యకణము పని వేరు. అది చదువుకొనుటకు కాదు, ప్రయాణము చేయుటకు సిద్ధపరచబడునది. ఇంటిలో దుప్పట్లు అలమరలో మడత పెట్టియుంచుదుము. దూరప్రయాణమునకు వాటినే బిగించి మూట కట్టుదుము. పత్తి చేనిలో తీసిన పత్తిని బోరెములలో తొక్కి నింపుదురు; జిన్నింగు మిల్లులో దానిని యంత్రముతో అదిమి, పట్టీలు బిగించి, బేళ్లు కట్టుదురు. వీర్యకణములో డి.ఎన్.ఏ. ఆ బేలు వంటిది. కణవిభజన సమయములో క్రోమోజోములు ఎంత దట్టముగా ఉండునో, దానికి కనీసము ఆరు రెట్లు దట్టముగా ఇక్కడ అదుమబడియుండునని శాస్త్రజ్ఞులు లెక్క కట్టినారు.

ఈ పని జరుగు విధము వినండి. మనిషిలో ఒక వీర్యకణము మూలకణము నుండి తయారగుటకు దాదాపు 74 దినములు పట్టును. ఎలుకలో 35 దినములు చాలును. వృషణములలోని సన్నని గొట్టములలో ఈ పని జరుగును. అక్కడ సెర్టోలి కణములు అనునవి దాదుల వలె వాటిని చుట్టుకొని పోషించుచుండును. 1865లో ఇటలీ దేశపు వైద్యుడు ఎన్రికో సెర్టోలి వీటిని వర్ణించెను గనుక వాటికి ఆ పేరు వచ్చినది.

మొదటి వారములలో కణములు విభజింపబడి, దారము సగమునకు తగ్గింపబడును. ఆ తరువాత గుండ్రముగా ఉన్న కణము సాగి, తోక వేసి, వీర్యకణపు రూపము తాల్చును. ఈ చివరి వారములలోనే మూట కట్టు పని జరుగును.

మొదట హిస్టోనులకు ఎసిటైల్ అను చిన్న రసాయనపు ముక్కలు వచ్చి అంటుకొనును. దానితో దారముపై వాటి పట్టు సడలును. దారము కండెలనుండి ఊడివచ్చునప్పుడు దానిలో పురి పేరుకొనును. మోకు విప్పువారికి ఈ సంగతి తెలియును. ఆ పురి వదలుటకు కణములోని ఎంజైములు దారమును అక్కడక్కడ తెంచి, పురి వదిలిన పిమ్మట మరల అతుకును. హిస్టోనులు పోయిన చోట సంధికాలపు ప్రోటీనులు కొద్ది దినములు నిలుచును. ఇల్లు మార్చునప్పుడు సామాను చేతులు మార్చుకొన్నట్లు అవి దారమును అందుకొని, అసలైన మూటకట్టువారికి అప్పగించును. ఆ మూటకట్టువారే ప్రోటమినులు.

ప్రోటమిను చాలా చిన్న ప్రోటీను. మనిషిలోని మొదటి రకపు ప్రోటమినులో సుమారు 50 అమైనో ఆమ్లములు మాత్రమే ఉండును. వాటిలో సగమునకు దగ్గరగా ఆర్జినిన్ ఒక్కటే. ఆర్జినినుకు ధనావేశము, డి.ఎన్.ఏ.కు ఋణావేశము ఉన్నవి. అయస్కాంతపు రెండు కొసలు అంటుకొన్నట్లు అవి ఒకదానినొకటి పట్టుకొనును. దారపు పోగులు ఒకదానిని ఒకటి నెట్టుకొనుట మాని దగ్గరకు చేరి చుట్టలు చుట్టుకొనును. ఒక్కొక్క చుట్ట మన ఇండ్లలో వండే గారె ఆకారములో, నడుమ చిల్లుతో ఉండును. ఒక్కొక్క గారెలో దాదాపు 50 వేల అక్షరముల పొడవు దారము ఇమిడియుండునని అంచనా. అట్టి గారెలు వేలకొలది పక్కపక్కన పేర్చబడి తల నిండును.

మూట కట్టిన తరువాత తాడు బిగింపవలెను గదా! వీర్యకణములు వృషణమును విడిచి, దానిని ఆనుకొనియున్న ఎపిడిడిమిస్ అను మెలికల గొట్టముగుండా కొన్ని దినములు ప్రయాణము చేయును. చాచినయెడల ఆ గొట్టము సుమారు 6 మీటర్లుండును. ఈ దారిలో ప్రోటమినులలోని గంధకపు అణువులు ఒకదానితో ఒకటి ముడిపడును. మన వెంట్రుకలకు, గోళ్లకు గట్టితనము కలిగించునవి కూడ ఇట్టి గంధకపు ముడులే. బేలుకు ఇనుప పట్టీ ఎట్లో, ఈ మూటకు ఆ ముడులు అట్లు.

చేపలో దొరికిన సంగతి

ఈ ప్రోటమిను మొదట మనిషిలో కాదు, చేపలో దొరికెను. స్విట్జర్లాండు దేశస్థుడైన ఫ్రెడరిక్ మీషర్ అను యువకుడు 1869లో జర్మనీలోని ట్యూబింగెన్ పట్టణములో, ఆసుపత్రి గాయపుకట్లకు అంటిన చీమునుండి ఒక క్రొత్త పదార్థమును తీసెను. మనము నేడు డి.ఎన్.ఏ. అనునది అదియే. తరువాత ఆయన స్వంత ఊరైన బాసెల్‌కు తిరిగివచ్చెను. మన గోదావరికి పులస ఎదురీదినట్లు అక్కడ రైను నదికి సాల్మన్ చేపలు ఎదురీది వచ్చెడివి. వాటి వీర్యమును పరీక్షించి, దానిలో డి.ఎన్.ఏ.తో జతపడియున్న పదార్థమునకు 1874లో ప్రోటమిను అని పేరు పెట్టెను. పది సంవత్సరముల తరువాత, 1884లో, ఆల్బ్రెక్ట్ కోసెల్ అను జర్మను శాస్త్రజ్ఞుడు హిస్టోనులను కనుగొనెను. కణములోని ప్రోటీనులపైనను, కేంద్రక పదార్థములపైనను చేసిన కృషికై ఆయనకు 1910లో నోబెల్ బహుమానము వచ్చెను.

చేప ప్రోటమిను మన ఇండ్లలోనికి కూడ వచ్చియున్నది. చక్కెర వ్యాధిగలవారు కొందరు చేతుల మధ్య దొర్లించి వేసికొనే, పాలవలె తెల్లగానుండు ఇన్సులిను సీసాను చూచియుందురు. ఇన్సులినుకు ప్రోటమిను కలిపినయెడల అది మెల్లగా కరిగి ఎక్కువ గంటలు పనిచేయునని డెన్మార్కు వైద్యుడు హాగెడార్న్ 1936లో చూపించెను. ఆ తెల్లదనము వెనుక ఉన్నది ఈ మూటకట్టు గుణమే.

క్షీరదములన్నిటికిని మూట ఒక్క తీరున ఉండదు. ఎద్దు వీర్యకణములలో మొదటి రకపు ప్రోటమిను ఒక్కటే పనిచేయును. మనిషి, గుఱ్ఱము, ఎలుకలలో రెండవ రకము కూడ ఉన్నది. మనిషిలో ఈ రెండును దాదాపు సమపాళ్లలో ఉండవలెను. ఇంకొక విశేషము: మనిషిలో హిస్టోను కండెలన్నియు తీసివేయబడవు. నూటికి 5 నుండి 15 వంతుల వరకు నిలిచిపోవును. గర్భస్థ శిశువు పెరుగుదలను నడిపించు జన్యువుల యొద్ద ఇవి ఎక్కువగా ఉన్నట్లు 2009లో వెలువడిన ఒక పరిశోధన తెలిపినది. బిడ్డకు మొదట కావలసిన వస్తువు మూట పైభాగమున అందుబాటుగా పెట్టినట్లు ఇది ఉన్నదని కొందరు తలంచుచున్నారు. దీనిపై చర్చ ఇంకను జరుగుచున్నది.

మూట విప్పునది తల్లి

వీర్యకణము తనకు తాను మూట విప్పుకొనలేదు. దారి పొడుగున తనకు కలిగిన గాయములను బాగుచేసికొను శక్తియు దానికి లేదు. అది అండములో చేరిన తరువాత తల్లి కణములోని గ్లూటాథయోన్ అను పదార్థము గంధకపు ముడులను ఊడదీయును. కొన్ని గంటలలో ప్రోటమినులు తొలగిపోవును. వాటి స్థానములో క్రొత్త హిస్టోను కండెలు వచ్చును. ఆ కండెలు తల్లి ముందుగా దాచియుంచినవి. తండ్రి దారము తల్లి కండెలకు చుట్టబడును! దారములో తెగిన చోట్లున్నయెడల అండము తన శక్తికొలది అతుకును. గాయములు మితిమీరినయెడల దానికిని సాధ్యము కాదు.

ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకొనండి. బిడ్డ విషయములో మొదటి దినము నుండి ఇద్దరి పనియు కలదు. ఒకరు కట్టుదురు, ఒకరు విప్పుదురు. అట్లుండగా లోపము మాత్రము ఒక్కరిదే అనుట ఎట్లు న్యాయమగును?

మూట సరిగా లేనప్పుడు

ప్రోటమిను జన్యువు లేకుండ చేసిన మగ ఎలుకలకు పిల్లలు కలుగలేదని పరిశోధకులు చూచినారు. పైకి ఆ ఎలుకలు ఆరోగ్యముగానే ఉండెను. మనుష్యులలోను రెండు రకముల ప్రోటమినుల పాళ్లు తప్పినవారిలో సంతానలేమి ఎక్కువగా కనబడుచున్నది. మూట వదులైనప్పుడు దారము తెగుట ఎక్కువగును. దాని వలన గర్భము నిలువకపోవుటయు, కొన్నిసార్లు పదేపదే గర్భస్రావములగుటయు సంభవింపవచ్చును. గర్భము పోయిన ప్రతిసారి, "ఏమి తిన్నావు? ఏమి బరువెత్తినావు?" అని కోడలినే నిలదీయు ఇండ్లు ఈ మాట వినవలెను.

ఈ పని చెడుటకు కొన్ని కారణములు మన చేతిలో లేవు. కొన్ని మన చేతిలో ఉన్నవి. వృషణములు శరీరపు వేడికంటె 2 నుండి 4 డిగ్రీలు తక్కువ వేడిలో ఉండవలెను. తీవ్రమైన జ్వరము వచ్చిన తరువాత కొన్ని వారములు వీర్యకణములలో దెబ్బతిన్న మూటలు ఎక్కువగా కనబడినవి. పొయ్యిల యొద్ద, బట్టీల యొద్ద గంటలకొలది పనిచేయువారు, బీడి సిగరెట్లు కాల్చువారు, పురుగుమందులు జాగ్రత్త లేక పిచికారీ చేయువారు కూడ ఆలోచింపవలెను. కండలు పెరుగుటకని మగ హార్మోనుల సూదులు వేసికొనినయెడల వీర్యకణముల ఉత్పత్తియే ఆగిపోవచ్చును. వృషణము చుట్టు సిరలు ఉబ్బు వ్యాధి కొందరిలో కారణము. దానికి చికిత్స ఉన్నది.

ఒక వీర్యకణము తయారగుటకు రెండున్నర నెలలు పట్టునని చెప్పితిమి గదా! గనుక నేడు బీడి మానినవాడు రేపు ఫలము చూడడు. మూడు నెలలు ఓపిక పట్టవలెను. జ్వరము తగ్గిన వెంటనే చేసిన పరీక్ష చూచి దిగులుపడనక్కరలేదు. కొన్ని నెలల తరువాత మరల చేయించవలెను.

చేయవలసినది

సంతానము కలుగని దంపతులలో దాదాపు సగముమంది విషయములో కారణము కొంతైనను పురుషుని వైపున ఉన్నది. ప్రపంచములో ప్రతి ఆరుగురిలో ఒకరు జీవితములో ఎప్పుడో ఒకప్పుడు ఈ కష్టము గుండా పోవుచున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో తెలిపినది. ఇంత సామాన్యమైన కష్టమునకు మన భాషలో "గొడ్రాలు" అను మాట ఒకటి ఉన్నది. దానికి జతగా మగవానికి వాడుకలో మాట లేదు. మాట లేకపోవుటయే మన తీర్పు ఏమిటో చెప్పుచున్నది.

ఒక సంవత్సరము కాపురము చేసినను గర్భము రానియెడల భార్యాభర్తలిద్దరును ఒకేసారి డాక్టరు యొద్దకు వెళ్లండి. భార్యకు 35 సంవత్సరములు దాటినయెడల ఆరు నెలలకే వెళ్లండి. పురుషుని పరీక్షకు కోత లేదు, నొప్పి లేదు, ఖర్చు తక్కువ. స్త్రీకి ఆపరేషను చేయకముందే అది జరుగుట న్యాయము. మామూలు పరీక్షలో వీర్యకణముల సంఖ్య, కదలిక, ఆకారము చూతురు. మూట ఎట్లున్నదో అందులో తెలియదు. గర్భములు పదేపదే పోవుచున్నప్పుడు డి.ఎన్.ఏ. తెగుదలను చూచు పరీక్ష అవసరమా అని డాక్టరును అడుగవచ్చును. అది అందరికి అవసరమైనది కాదు.

సహోదరులకు ఒక మాట. ఈ పరీక్ష మీ మగతనమునకు పెట్టిన పరీక్ష కాదు. దాంపత్య శక్తి వేరు, వీర్యకణముల ఆరోగ్యము వేరు. గడ్డము, కండలు, కంఠస్వరము చూచి ఎవరును ఈ సంగతి చెప్పలేరు. అట్లే అత్తమామలకు ఒక మనవి. నింద కోడలి మీదనుండి తీసి కుమారుని మీద పెట్టవలెనని మేము చెప్పుటలేదు. కంటికి కనబడని ఒక కణములో, ఎవరి ఇష్టముతోను పనిలేక జరుగు ఏర్పాటులో లోపము వచ్చినయెడల అది ఎవరి నేరము?

ఆ గ్రామపు సహోదరి సంగతి చెప్పి ముగించెదము. భర్త పరీక్ష చేయించుకొనెను. లోపము అతని వైపునే ఉన్నది. ఆ కాగితము పట్టుకొని ఇద్దరును మా యింటికి వచ్చిరి. అతడు తల దించుకొని కూర్చుండెను. ఆమెకు కోపము వచ్చునేమోనని మేము అనుకొంటిమి. ఆమె చాలాసేపు కాగితమును చూచి, "అయ్యగారండీ, ఈ ఆరేళ్లు ఈయన్ని ఎవరూ ముందుకు పిలవలేదేమండీ?" అని అడిగినది. మా యొద్ద సమాధానము లేదు.

వారికి చికిత్స జరిగినది. మేము ఆ గ్రామము విడిచి వచ్చునాటికి వారికి బిడ్డ కలుగలేదు. అయితే రెండవ సంబంధపు మాట ఆ ఇంటిలో మరల వినబడలేదు. ఆదివారము నాడు ఆ అత్తగారు కోడలి ప్రక్కన కూర్చుండుట మేము కన్నులార చూచితిమి. నాటినుండి సంతానము కొరకు ప్రార్థించుమని ఎవరు వచ్చినను, మేము ఇద్దరిని కలిపి ముందుకు పిలుచుచున్నాము.